రైకార్డ్ ఎక్కడ నిలబడ్డాడు

నెదర్లాండ్స్ గెలిచిన 1988 యూరో (యూరప్ దేశాల ఫుట్‌బాల్ పోటీ) గురించి మాట్లాడుకుంటే ముందు గుర్తొచ్చేవి రెండే: రూడ్ గుల్లిట్ జడలు, ఫైనల్లో మార్కో వాన్ బాస్టెన్ కొట్టిన వాలీ. ఆ ఏడాది బాలన్ డోర్ (యూరప్‌లో ఆ ఏటి మేటి ఆటగాడి అవార్డు) ఓటింగులో మొదటి రెండు స్థానాలూ వాళ్లవే, వాన్ బాస్టెన్ ముందు, గుల్లిట్ తర్వాత. మూడో స్థానం కూడా అదే జట్టువాడిది, ఫ్రాంక్ రైకార్డ్‌ది. 1989లోనూ అతను మూడోవాడే. పేరు అందరూ విన్నారు గానీ, ఎలా ఆడేవాడని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. అతను చేసే పనిలో ఎక్కువ భాగం బంతి వేరేవాళ్ల కాళ్ల దగ్గర ఉన్నప్పుడు జరిగేది. హైలైట్స్ తయారుచేసేవాళ్లు ముందుగా కత్తిరించేది అదే కదా.

అందుకే ట్రోఫీల లెక్క జోలికి పెద్దగా పోవట్లేదు, అది ఎక్కడైనా దొరుకుతుంది. డిఫెన్సుకీ మిడ్‌ఫీల్డ్‌కీ మధ్య ఒక జాగా ఉంటుంది. అక్కడ అతను ఎప్పుడు, ఎందుకు, ఎలా నిలబడ్డాడన్నదే ఈ పోస్టు. నా లెక్కలో అతని కెరీర్ మొత్తం ఆ జాగా చుట్టూనే తిరిగింది, కోచ్‌గా పనిచేసిన ఏళ్లతో సహా.

పుట్టింది 1962 సెప్టెంబరు 30న, ఆమ్‌స్టర్‌డామ్‌లో. తల్లి డచ్. తండ్రి హెర్మన్ సురినామ్ నుంచి నెదర్లాండ్స్‌కి ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చినవాడు. గుల్లిట్ ఇంటి కథా ఇదే: తల్లి డచ్, తండ్రి జార్జ్ సురినామ్ మనిషి, ఆయనా ఫుట్‌బాలరే. ఇద్దరు తండ్రులూ స్నేహితులు, ఇద్దరు కొడుకులకీ వయసులో నెల రోజుల తేడా. సురినామ్ అంటే దక్షిణ అమెరికా ఉత్తర తీరంలో చిన్న దేశం, 1975 నవంబరు 25 దాకా డచ్చివాళ్ల చేతిలో ఉంది. మన దేశంలో ఆ పేరు వింటే 1873 నుంచి కలకత్తా రేవులో ఓడలెక్కిన కూలీలు గుర్తొస్తారు. వాళ్లలో ఎక్కువమంది భోజ్‌పురి ప్రాంతం వాళ్లు. రైకార్డ్, గుల్లిట్ తండ్రులది మాత్రం ఆఫ్రికా మూలం, తోటల్లో పనికి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి.

ఆమ్‌స్టర్‌డామ్ పడమటి వైపు బాల్బోవాప్లైన్ అనే చౌక్‌లో ఈ ఇద్దరు కుర్రాళ్లూ కలిసి ఆడేవాళ్లు. తర్వాత డీడబ్ల్యూఎస్ క్లబ్బు. గట్టి నేల మీద, ఇరుకు చోట ఆడితే ఒక అలవాటు పడుతుంది. బంతి వచ్చాక చుట్టూ చూసే తీరిక ఉండదు కాబట్టి రాకముందే చూసుకోవాలి. రైకార్డ్ పెద్దయ్యాక కూడా ఒళ్లు సగం తిప్పి, ఒక భుజం తన గోలు వైపు, ఇంకో భుజం ఎదుటి గోలు వైపు పెట్టి బంతి అందుకునేవాడు. అలా నిలబడితే మొదటి టచ్‌లోనే బంతి ముందుకు పోతుంది. ఎదురుగా మొహం పెట్టి, వీపు అవతలి వాళ్లకిచ్చి అందుకుంటే తిరగడానికి ఇంకో రెండు టచ్‌లు పడతాయి, ఈలోపు వెనక నుంచి ఒకడు వచ్చి కాలు పెట్టేస్తాడు. మిడ్‌ఫీల్డ్‌లో పోయే బంతుల్లో చాలా భాగం ఇలా పోయేవే.

ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్బు అయాక్స్ తరఫున మొదటి మ్యాచ్ 1980 ఆగస్టు 23న, గో అహెడ్ ఈగల్స్ మీద. కోచ్ లియో బేన్‌హాకర్. వయసు 17. జట్టు 4-2తో గెలిచింది, అందులో ఒక గోల్ ఈ కుర్రాడిదే. ఏడాది తిరిగేసరికి నెదర్లాండ్స్ జట్టుకి పిలుపు వచ్చింది. 1981 సెప్టెంబరు 1న స్విట్జర్లాండ్ మీద అతనూ గుల్లిట్టూ ఒకే రోజు అంతర్జాతీయ ఆటలోకి వచ్చారు. ఆ రోజు గుల్లిట్ పుట్టినరోజు కూడా.

అయాక్స్‌లో ఆ మొదటి విడత 206 లీగ్ మ్యాచ్‌లు, 46 గోల్స్. డిఫెండర్‌గా పేరుపడ్డ మనిషికి ఇది చాలా పెద్ద సంఖ్య. ఎందుకంటే అతను ఒట్టి డిఫెండర్ కాదు. మిడ్‌ఫీల్డ్‌లో మొదలై, తర్వాత వెనక్కి వెళ్లి, 1985లో యోహాన్ క్రైఫ్ కోచ్‌గా వచ్చాక రెండూ కలిపి ఆడాడు. సెంటర్‌బ్యాక్‌గా, అంటే గోలు ముందు నడిమి డిఫెండర్‌గా మొదలుపెట్టి, బంతి తమ జట్టు దగ్గరికి రాగానే మిడ్‌ఫీల్డ్‌లోకి అడుగేయడం అతని పని.

ఈ అడుగు వేయడం వినడానికి తేలిక. లెక్క ఇలా ఉంటుంది. ఎదుటివాళ్లకి ఇద్దరు ఫార్వర్డ్‌లుంటే వాళ్లని కాయడానికి ముగ్గురు చాలు. నాలుగోవాడు వెనక ఊరికే నిలబడితే దండగ, వాడు ముందుకెళ్తే మిడ్‌ఫీల్డ్‌లో మనకి ఒక మనిషి ఎక్కువ. ఇబ్బంది ఎక్కడంటే, ముందుకెళ్లినవాడు బంతి పోగొట్టుకుంటే వాడు వదిలొచ్చిన చోటు నేరుగా గోలు ముందే ఉంటుంది. అందుకే రెండు షరతులు. వాడు అడుగేసిన క్షణమే దగ్గరి ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) లోపలికి జరగాలి. వాడి మీదకి రెండో మనిషి రాకముందే బంతి వదిలేయాలి, డ్రిబుల్ చేసుకుంటూ ఇంకో పది గజాలు పోదామనే ఆశ పనికిరాదు. రైకార్డ్‌కి డ్రిబ్లింగ్ బాగా వచ్చు, అయినా ఆ ఆశకి ఎక్కువసార్లు లొంగలేదు. ఇప్పటి సెంటర్‌బ్యాక్‌లలో సగం మంది ఇక్కడే బోల్తా పడుతున్నారు.

1987 మే 13న ఏథెన్స్‌లో అయాక్స్ లోకోమోటివ్ లైప్జిగ్‌ని 1-0తో ఓడించి కప్ విన్నర్స్ కప్పు (యూరప్ దేశాల కప్పు విజేతల పోటీ) గెలిచింది. నాలుగు నెలలకే రైకార్డ్ ట్రైనింగ్ మధ్యలోంచి వెళ్లిపోయాడు. క్రైఫ్ సాధింపు భరించలేకపోయాడు, మళ్లీ ఆయన దగ్గర ఆడనన్నాడు. పోర్చుగల్‌లో స్పోర్టింగ్‌తో సంతకం పెట్టాడు గానీ రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయింది, ఆడే వీల్లేదు. దాంతో స్పెయిన్‌లో రియల్ జరగోజాకి లోన్ మీద (కొన్నాళ్ల అరువుగా) వెళ్లి 11 లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. పాతికేళ్ల వయసులో, ఆట పదునుగా ఉన్నప్పుడు, చాలా భాగం వృథా అయిన సీజన్ అది. తమాషా ఏంటంటే 1988 జనవరికల్లా క్రైఫ్ కూడా అయాక్స్ వదిలేశాడు. ఇంకో నాలుగు నెలలు ఓపిక పడితే సరిపోయేది.

ఆ ఎండాకాలమే యూరో. కోచ్ రైనస్ మిఖెల్స్ అతన్ని రొనాల్డ్ కూమన్ పక్కన సెంటర్‌బ్యాక్‌గా పెట్టాడు. ఈ జంట ఎందుకు కుదిరిందంటే ఇద్దరి లోపాలూ ఒకటి కావు. కూమన్ పాస్ యాభై గజాల దాకా గీత గీసినట్టు పోతుంది, కాళ్లలో మాత్రం వేగం లేదు. రైకార్డ్‌కి వేగం ఉంది, గాల్లో బలం ఉంది. అందుకని ఫార్వర్డ్‌ని అంటిపెట్టుకునే పని ఇతనిది, వెనక మిగిలి బంతి పంచే పని కూమన్‌ది. మొదటి మ్యాచ్‌లో సోవియట్ యూనియన్ చేతిలో 0-1తో ఓడినా, ఇంగ్లండ్‌ని 3-1తో, ఐర్లండ్‌ని 1-0తో దాటారు. జూన్ 21న హాంబర్గ్‌లో పశ్చిమ జర్మనీతో సెమీఫైనల్లో క్లిన్స్‌మన్‌ని పడగొట్టి పెనాల్టీ ఇచ్చింది రైకార్డే. కూమన్ పెనాల్టీతో సమం చేశాడు, 88వ నిమిషంలో వాన్ బాస్టెన్ గెలిపించాడు. జూన్ 25న మ్యూనిక్‌లో ఫైనల్, సోవియట్ మీదే, 2-0.

ఇటలీ లీగ్‌లో క్లబ్బుకి ఇద్దరు విదేశీయులే ఉండాలన్న నియమాన్ని 1988లో ముగ్గురికి పెంచారు. మిలాన్‌లో అప్పటికే గుల్లిట్, వాన్ బాస్టెన్ ఉన్నారు. మూడో చోటుకి యజమాని బెర్లుస్కోని మనసు అర్జెంటీనా ఆటగాడు క్లాడియో బోర్గి మీద ఉంది. కోచ్ అరిగో సాకి ఒప్పుకోలేదు, రైకార్డే కావాలని పట్టుబట్టాడు. బోర్గి కాళ్లలో విద్య ఉంది. సాకికి కావలసింది మాత్రం పరిగెత్తే, ఆలోచించే మిడ్‌ఫీల్డర్. యూరోలో సెంటర్‌బ్యాక్‌గా గెలిచి వచ్చినవాణ్ని తీసుకెళ్లి కార్లో అంచెలొట్టి పక్కన నడిమధ్య పెట్టాడు.

సాకి ఆట గురించి చాలా రాశారు. ఇక్కడికి కావలసినంత చెప్తాను. 4-4-2: నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు. వెనక వరస నుంచి ముందు వరసకి దూరం 25 నుంచి 30 మీటర్లే ఉండాలి, జట్టు మొత్తం ఆ పట్టీలోనే బతకాలి. బంతి ఎటు జరిగితే పదిమందీ అటు జరగాలి, కబడ్డీలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని కదిలే గొలుసులాగా. వెనక డిఫెండర్ బరేసి చెయ్యెత్తి లైను ముందుకి నడిపిస్తాడు, అవతలి ఫార్వర్డ్‌లు ఆఫ్‌సైడ్‌లో చిక్కుకుంటారు (పాస్ వేసే క్షణానికి ఆ లైను దాటి ఉన్నవాడు ఆ బంతి ఆడకూడదు).

చూడ్డానికి ఇది డిఫెండర్ల గొప్పలా ఉంటుంది. అసలు బరువు మోసేది వాళ్ల ముందున్న ఇద్దరు. ఎందుకంటే లైను అంత పైన ఉన్నప్పుడు వెనక నలభై గజాలు ఖాళీ. బంతి దగ్గరున్న ప్రత్యర్థికి తలెత్తి చూసే టైము దొరికిందా, ఒక్క పొడుగు పాస్‌తో కథ ముగుస్తుంది. కాబట్టి నియమం ఒకటే: బంతి మీద ఒత్తిడి ఉంటేనే లైను పైకి, ఒత్తిడి లేకపోతే వెంటనే కిందికి. ఆ ఒత్తిడి పెట్టేది రైకార్డ్, అంచెలొట్టి. ఒకడు బంతి మీదకి దూకితే రెండోవాడు వాడి వెనక ఏటవాలుగా, పది పన్నెండు మీటర్లు మించకుండా ఆగాలి. ఇద్దరూ ఒకే గీతలో నిలబడితే ఒక్క పాస్‌కి ఇద్దరూ పోతారు. ఇద్దరూ ఒకేసారి దూకితే బరేసి ముందు మైదానం ఖాళీ. రైకార్డ్ సెంటర్‌బ్యాక్‌గా ఆడినవాడు కాబట్టి వెనకున్నవాళ్లకి ఏ పాస్ భయమో అతనికి తెలుసు. దూకేటప్పుడు మనిషి మీదకి నేరుగా కాకుండా ఆ పాస్ పోయే దారిలోంచి దూకేవాడు. అతన్ని దాటినా బంతి పక్కకి పోవలసిందే, ముందుకి పోదు.

1988-89 యూరోపియన్ కప్పులో (యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ, ఇప్పటి చాంపియన్స్ లీగ్) ఇదంతా కలిసిరావడానికి టైము పట్టింది. రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్ మీద సొంత మైదానంలో 1-1. బెల్‌గ్రేడ్‌లో 0-1తో వెనకబడి ఉండగా పొగమంచు కమ్మేసి మ్యాచ్ ఆపేశారు. మర్నాడు మళ్లీ మొదటి నుంచి ఆడితే 1-1, పెనాల్టీల్లో 4-2తో బయటపడ్డారు. ఆ మంచు లేకపోతే సాకి మిలాన్ గురించి ఇప్పుడు ఇంతగా మాట్లాడుకునేవాళ్లం కాదేమో. సెమీఫైనల్లో రియల్ మాడ్రిడ్‌ని మాడ్రిడ్‌లో 1-1 దగ్గర ఆపి, 1989 ఏప్రిల్ 19న తమ మైదానం సాన్ సీరోలో 5-0తో చితక్కొట్టారు. రెండో గోల్ రైకార్డ్ హెడర్, కుడి వైపు నుంచి తస్సోట్టి వేసిన క్రాస్‌కి. మే 24న ఫైనల్లో స్టెవా బుకారెస్ట్ మీద 4-0.

ఫైనల్ అయిన రెండు వారాలకి, 1989 జూన్ 7న, సురినామ్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి పారామరిబో దగ్గర కూలింది. అందులో ఉన్న 187 మందిలో 176 మంది చనిపోయారు. నెదర్లాండ్స్ క్లబ్బుల్లో ఆడే సురినామ్ మూలాల ఆటగాళ్లతో కూడిన జట్టు ఒకటి స్నేహపూర్వక మ్యాచ్‌ల కోసం ఆ విమానంలో వెళ్తోంది, వాళ్లలో చాలామంది పోయారు. గుల్లిట్‌కీ రైకార్డ్‌కీ కూడా ఆహ్వానం ఉంది. క్లబ్బు ఒప్పుకోకపోవడంతో వెళ్లలేదు. ఆ తరం డచ్ జట్ల ఫొటోలు చూసేటప్పుడు, ఫొటోలోకి రాకుండా పోయిన ఆటగాళ్ల బృందం ఒకటి ఉందని గుర్తుంచుకోవాలి.

1990 మే 23, వియన్నా, బెన్‌ఫికాతో యూరోపియన్ కప్పు ఫైనల్. గోల్స్ లేకుండా 68వ నిమిషం దాకా సాగింది. వాన్ బాస్టెన్ కిందికి దిగి బంతి అందుకున్నాడు, అతనితోపాటు డిఫెండర్ కూడా బయటికి వచ్చాడు. మధ్యలో తెరుచుకున్న సందులోకి రైకార్డ్ వెనక నుంచి పరిగెత్తాడు. పాస్ సరిగ్గా వచ్చింది, కుడి కాలి బయటి వైపుతో గోల్. 1-0, అంతే, కప్పు. ఈ పరుగులో చూడాల్సింది మొదలైన క్షణం. వాన్ బాస్టెన్ దగ్గరికి బంతి చేరకముందే కదిలాడు. చేరాక కదిలితే సందు మూసుకుపోయేది, ఇంకాస్త ముందు కదిలితే ఆఫ్‌సైడ్. అదే ఏడాది చివర టోక్యోలో దక్షిణ అమెరికా విజేత ఒలింపియా మీద 3-0తో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు గెలిచినప్పుడు రెండు గోల్స్ అతనివే.

ఈ రెండింటి మధ్య వచ్చింది ఇటలీ ప్రపంచకప్పు. ఎక్కువమందికి రైకార్డ్ అంటే గుర్తుండేది దురదృష్టవశాత్తూ అదే. జూన్ 24, సాన్ సీరో, పశ్చిమ జర్మనీ. రూడీ ఫోలర్‌ని ఫౌల్ చేసి పసుపు కార్డు తెచ్చుకున్నాడు. పక్కనుంచి పోతూ అతని జుట్టు మీద ఉమ్మాడు. ఫోలర్ రెఫరీకి మొరపెట్టుకుంటే ఫోలర్‌కే పసుపు కార్డు. వెంటనే వచ్చిన ఫ్రీకిక్‌కి ఫోలర్ గోల్‌కీపర్ వాన్ బ్రూకెలెన్ మీదకి వెళ్లడం, రైకార్డ్ వచ్చి అతని చెవి పట్టుకోవడం, ఇద్దరికీ రెడ్. అది 22వ నిమిషం. బయటికి నడుస్తూ మళ్లీ ఉమ్మాడు. ఫోలర్ జాతి పేరుతో తిట్టాడని పుకారు లేచింది. అలాంటిదేమీ లేదని, తప్పు తనదేనని రైకార్డే తర్వాత చెప్పాడు, క్షమాపణ అడిగాడు. కొన్నేళ్లకి ఇద్దరూ కలిసి ఒక వెన్న ప్రకటనలో బాత్‌రోబ్‌లు వేసుకుని కనిపించారు కూడా.

ఆ గొడవలో ఎవరూ పట్టించుకోనిది నష్టం ఎవరికి ఎక్కువ అన్నది. ఇద్దరూ పోయారు కాబట్టి సమానం అనుకుంటాం. కాదు. జర్మనీకి క్లిన్స్‌మన్ మిగిలాడు, ఆ రోజు ఒక్కడే ఇద్దరి పరుగు పరిగెత్తాడు, 51వ నిమిషంలో గోల్ కూడా కొట్టాడు. నెదర్లాండ్స్‌కి మాత్రం కూమన్ పక్కన పరిగెత్తేవాడు లేకుండా పోయాడు. రెండేళ్ల క్రితం ఆ జంట కుదిరిన లెక్కే ఇక్కడ తిరగబడింది. 1-2.

1992 యూరోలో అదే జర్మనీని 3-1తో ఓడించినప్పుడు నాలుగో నిమిషంలోనే హెడర్ కొట్టాడు. సెమీస్‌లో డెన్మార్క్ మీద 86వ నిమిషంలో 2-2 చేసిందీ అతనే, పెనాల్టీల్లో ఓడారు. మిలాన్‌లో కోచ్‌గా కాపెల్లో వచ్చాక 1992, 1993ల్లో లీగ్ గెలిచి, మొత్తం 142 లీగ్ మ్యాచ్‌లు, 16 గోల్స్‌తో ఇటలీ వదిలాడు. నెదర్లాండ్స్ తరఫున చివరి ఆట 1994 ప్రపంచకప్పు క్వార్టర్స్, బ్రెజిల్ చేతిలో 2-3. మొత్తం 73 మ్యాచ్‌లు, 10 గోల్స్.

1993లో అయాక్స్‌కి తిరిగొచ్చేసరికి అక్కడ కోచ్ లూయీ వాన్ హాల్ కుర్ర ఆటగాళ్లతో జట్టు కడుతున్నాడు. 3-4-3, మధ్యలో వజ్రాకారం. వెనక ముగ్గురి నడుమ డానీ బ్లిండ్, అతని ముందు నాలుగో నంబరు చొక్కాతో రైకార్డ్, అటూ ఇటూ సీడోర్ఫ్, డావిడ్స్, పైన లిట్మానెన్. సీడోర్ఫ్, డావిడ్స్ ఇద్దరూ పారామరిబోలో పుట్టినవాళ్లే. డచ్ పద్ధతిలో నాలుగో నంబరు పని ఇలా: ఎదుటివాళ్లకి ఒక్క ఫార్వర్డే ఉంటే మిడ్‌ఫీల్డ్‌లో ఉండు. ఇద్దరొస్తే బ్లిండ్ పక్కకి దిగి నలుగురు అవ్వండి. బంతి ఏ పక్కకి పోయినా పెనాల్టీ ఏరియా వెడల్పు దాటి వెంటపడకు. పక్కలు చూసుకోవడానికి సీడోర్ఫ్, డావిడ్స్ కాళ్లున్నాయి. నాలుగో నంబరు టచ్‌లైను దాకా పరిగెత్తాడంటే నడిమధ్య తలుపు తీసిపెట్టినట్టే. ముప్పై దాటిన రైకార్డ్‌కి ఇది సరిగ్గా సరిపోయింది, పరుగు తగ్గి చూపు పెరిగే వయసు.

1994-95లో అయాక్స్ లీగ్‌లో 34 మ్యాచ్‌లూ ఓటమి లేకుండా ముగించింది, 106 గోల్స్. చాంపియన్స్ లీగ్‌లోనూ ఓడలేదు. మే 24న ఫైనల్ మళ్లీ వియన్నాలో, ఐదేళ్ల క్రితం అతను గోల్ కొట్టిన అదే స్టేడియంలో, ఈసారి మిలాన్ అవతల. 85వ నిమిషంలో పెనాల్టీ ఏరియా అంచున బంతి రైకార్డ్ దగ్గరికి వచ్చింది. అందరూ షాట్ అనుకునే చోట చిన్న పాస్ లోపలికి తోశాడు, పద్దెనిమిదేళ్ల పాట్రిక్ క్లైవర్ట్ ముగించాడు. 1-0. ఆ సీజన్‌తోనే రైకార్డ్ ఆట ముగించాడు, ముప్పై రెండేళ్లకే.

కోచ్‌గా మొదటి ఉద్యోగమే నెదర్లాండ్స్ జట్టు, 1998లో. యూరో 2000లో సొంత గడ్డ మీద గ్రూపు మ్యాచ్‌లు మూడూ గెలిచి, క్వార్టర్స్‌లో యుగోస్లావియాకి ఆరు కొట్టారు. సెమీస్ ఇటలీతో, ఆమ్‌స్టర్‌డామ్‌లో. 34వ నిమిషంలో జాంబ్రోటాకి రెడ్. ఆటలో దొరికిన రెండు పెనాల్టీలూ పోయాయి: ఫ్రాంక్ డి బోర్‌ది టోల్డో ఆపాడు, క్లైవర్ట్‌ది స్తంభానికి తగిలింది. 0-0, తర్వాత షూటౌట్‌లో 1-3. అందరూ పెనాల్టీల గురించే మాట్లాడతారు. నాకు కనిపించేది వేరు. పదిమందితో గోలు ముందు కూర్చున్న ఇటలీ మీద డావిడ్స్, కోకు ఇద్దరూ నిర్ణీత సమయమంతా నడిమధ్యే ఉండిపోయారు. కాయడానికి అక్కడ ఎవరూ లేరు. రైకార్డ్ వెంటనే రాజీనామా చేశాడు. తర్వాత స్పార్టా రోటర్‌డామ్, 2002లో ఆ క్లబ్బు చరిత్రలోనే మొదటిసారి పై డివిజన్ నుంచి పడిపోయింది.

ఇలాంటి చరిత్ర ఉన్నవాణ్ని 2003లో బార్సిలోనా తీసుకుంది. కొత్త ప్రెసిడెంట్ లపోర్తాకి ఆ పేరు చెప్పినవాళ్లలో ముఖ్యుడు క్రైఫ్. ట్రైనింగ్ వదిలి వెళ్లిపోయిన మనిషిని పదహారేళ్ల తర్వాత సిఫారసు చేశాడు. మొదటి ఆర్నెల్లు అధ్వానం, మలాగాలో 1-5. 2004 జనవరిలో డావిడ్స్ లోన్ మీద వచ్చాక జట్టు 4-3-3కి మారింది. కోకు వెనక, చావి, డావిడ్స్ ముందు. రొనాల్డీన్యో ఎడమ వైపుకి జరిగాడు. అతను లోపలికి కోసినప్పుడల్లా బయట నుంచి పరిగెత్తే ఫుల్‌బ్యాక్ జియోవాని వాన్ బ్రాంక్‌హార్స్ట్, ఇండోనేషియా, మలుకు దీవుల మూలాలున్న ఇంకో డచ్ ఆటగాడు, అసలుకి మిడ్‌ఫీల్డర్. ఆ సీజన్ రెండో స్థానంలో ముగించారు.

2004-05లో హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్లుగా (డిఫెన్సు ముందు కాపలాకి) పెట్టుకున్న ఎడ్మిల్సన్, మోట్టా ఇద్దరికీ మోకాలి లిగమెంట్లు తెగాయి. సెంటర్‌బ్యాక్ రఫాయెల్ మార్కెజ్‌ని ఒక అడుగు ముందుకి జరిపాడు. ఆ పని ఎలాగో తెలిసిన కోచ్ ఇంకెవడున్నాడు? లీగ్ గెలిచారు. ఆ సీజన్లోనే, అక్టోబరు 16న, ఎస్పాన్యోల్ మ్యాచ్ చివర్లో డెకో బదులు పదిహేడేళ్ల మెస్సీని లీగ్‌లో మొదటిసారి దింపాడు.

2006 మే 17, పారిస్, ఆర్సెనల్‌తో చాంపియన్స్ లీగ్ ఫైనల్. 18వ నిమిషంలో గోల్‌కీపర్ లేమన్‌కి రెడ్, అయినా 37వ నిమిషంలో క్యాంప్‌బెల్ హెడర్‌తో ఆర్సెనలే ముందుంది. ప్రత్యర్థి పదిమంది, మనకి గోల్ కావాలి: 2000లో ఎదురైన లెక్కే. ఈసారి హాఫ్ టైముకే ఎడ్మిల్సన్‌ని తీసి ఇనియెస్టాని దింపాడు, అంటే తన పాత జాగాలో కాపలావాణ్ని తీసేశాడు. 61వ నిమిషంలో వాన్ బొమ్మెల్ బదులు లార్సన్, 71వ నిమిషంలో ఒలెగేర్ బదులు బెల్లెట్టి. 76వ నిమిషంలో ఎటో, నాలుగైదు నిమిషాలకి బెల్లెట్టి, రెండింటికీ పాస్ లార్సన్‌ది. 2-1. ఆటగాడిగా, కోచ్‌గా రెండు విధాలా ఈ కప్పు గెలిచిన ఐదోవాడయ్యాడు.

ఆ ఎండాకాలం అసిస్టెంట్ హెంక్ టెన్ కాటె అయాక్స్‌కి వెళ్లిపోయాడు. గొంతు పెంచి అరిచే పని ఆయనది, రైకార్డ్ మెతక. ముందు ముగ్గురూ ప్రెస్ చేయడం (బంతి ఉన్నవాడి మీద ఒత్తిడి పెట్టడం) మానేస్తే వెనక నాలుగో నంబరు ఎంత మంచివాడైనా లాభం లేదు, పైన సాకి దగ్గర చెప్పిన నియమమే. 2006-07లో రియల్ మాడ్రిడ్‌తో 76 పాయింట్ల దగ్గర సమానమై, ముఖాముఖి ఫలితాల్లో లీగ్ పోయింది. మరుసటి ఏడాది 18 పాయింట్లు వెనక, మూడో స్థానం. గ్వార్డియోలా వచ్చాడు. ఆ తర్వాత టర్కీ క్లబ్బు గలతాసరాయ్, సౌదీ అరేబియా దేశం జట్టు, రెండూ గుర్తుపెట్టుకోదగ్గవి కావు.

పూర్తి మ్యాచ్‌లు చూసే ఓపిక ఉన్నవాళ్లకి నా వరస ఇది. ముందు 1989 రియల్ మాడ్రిడ్ 5-0. మిలాన్ బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ బంతిని వదిలేసి తర్వాతి నాలుగు సెకన్లు రైకార్డ్‌నే చూడండి. తర్వాత 1995 ఫైనల్, అందులో అతనికీ బ్లిండ్‌కీ మధ్య దూరం ఎప్పుడు తగ్గుతోంది, ఎప్పుడు పెరుగుతోందన్నది గమనించండి. 1990 జర్మనీ మ్యాచ్ పెట్టుకుంటే 22వ నిమిషం దగ్గర ఆపేయకండి. క్లిన్స్‌మన్ ఆ తర్వాత పరిగెత్తిన దారులు చాలావరకు రైకార్డ్ ఖాళీ చేసి వెళ్లిన చోటు మీదుగానే పోతాయి.